తడవని టైర్లు

వాన గట్టిగా పడుతున్న ఆ రాత్రి టైర్ల షాపు మేస్త్రి ఒక్కడే షట్టరు దించుతున్నాడు. అంతలో రోడ్డు మీద టైర్ల రొద వినిపించింది. ఇంజను చప్పుడు మాత్రం లేదు. ఏదో కరెంటు కారు అనుకున్నాడు. అది సరిగ్గా షాపు ముందుకొచ్చి ఆగింది.

"అన్నా, ఒక్కసారి గాలి చూస్తావా?"

ఆ గొంతును మేస్త్రి వెంటనే గుర్తుపట్టాడు. పోయిన వారం వచ్చిన ఆసుపత్రి నర్సమ్మ. "నావన్నీ నైట్ డ్యూటీలే అన్నా, ఈ బండికి సరిపడేవే వెయ్యి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. బ్యాటరీ బరువు మోయగల టైర్లు ఆ రోజు షాపులో లేవు. లేవని చెప్పడం నామోషీ అనిపించి, మామూలు కారు టైర్లే బిగించి, "భేషుగ్గా ఉంటాయమ్మా" అన్నాడు. ఆమె నమ్మి, నవ్వుతూ వెళ్లింది.

ఇప్పుడు ఆమె ముఖం చూసే ధైర్యం లేక, తల వంచుకునే చక్రం దగ్గర కూర్చున్నాడు. వారానికే టైరు, రోడ్డు మీద ఈడ్చినట్టు, నున్నగా అరిగిపోయింది. చేత్తో తడిమాడు. పొడిగా ఉంది. మిగతా మూడూ చూశాడు. అంత వానలో వచ్చిన బండికి ఒక్క టైరు కూడా తడవలేదు.

ఇక దాచలేక నోరు విప్పాడు.

"అమ్మా, ఇవి నీ బండికి ఆగేవి కావు. తెలిసే వేశాను. తప్పయిపోయింది."



"తెలుసన్నా," అందామె, కోపమేమీ లేకుండా. "వంతెన మలుపు దగ్గర బండి జారి ఏట్లో పడ్డప్పుడే తెలిసింది."

మేస్త్రి సిగ్గుతో తలెత్తలేకపోయాడు. అతని పక్కనే కారు తలుపు మెల్లగా తెరుచుకుంది.