తాళం వెయ్యమన్నారు

ఫిబ్రవరి పదిహేను, శనివారం. ఆ మధ్యాహ్నం సముద్రం ఒడ్డున పాటల పండుగలో పనిచేసే కుర్రకారుకు పెట్టింది పులిహోర, తలా ఒక అప్పడం. మేనేజరు శ్యామ్‌సుందర్ మాత్రం చేపల వేపుడుతో భోంచేసి, చెయ్యి కడుక్కుంటూనే కుట్ర పన్నాడు.

ముందురోజు లైట్ల నిచ్చెన మీది నుంచి ఒక కుర్రాడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. "నువ్వు వాలంటీరువి, మా మనిషివి కావు" అంది పండుగ జరిపే కంపెనీ. అందుకే యూనియన్ పిల్ల సుగంధి సాయంత్రం టీ వేళకు అందరినీ కూడగట్టి సంఘంలో చేర్చాలనుకుంది. ఆ వేళ దాటితే ఎవరి పనుల్లోకి వాళ్ళు చెదిరిపోతారు, మళ్ళీ నడుముకు బెల్టు లేకుండా నిచ్చెనలు ఎక్కాల్సిందే.

తమిళం రాకుండా హైదరాబాదు నుంచి వచ్చిన శ్యామ్‌సుందర్‌కు, ఆ తమిళ ఊళ్ళో సిబ్బందిలో తెలుగు తెలిసినవాడు ఒక్కడే దొరికాడు. గోడౌను కాపలా చూసే ముదలియార్‌పేట పెద్దాయన, రంగనాథం.

"ఆ పిల్ల మైకు కోసం గోడౌన్లోకి వస్తుంది. రాగానే తాళం వెయ్."

"గెట్టిగా వెయ్యాల్నా సార్?"

"గట్టిగానే! టీ టైం అయ్యేదాకా."

టీ వేళ అవుతుండగా సుగంధి లోపలికి వెళ్ళింది. రంగనాథం గడప మీద కూర్చుని, శనివారం భజనకని సంచిలో పెట్టుకున్న తాళాలు తీసి వాయించడం మొదలుపెట్టాడు.

టీ గ్లాసులతో కుర్రాళ్ళు మూగారు. ఎవరో డప్పు అందుకున్నారు. ఇంకెవరో ఈల వేశారు. సుగంధి మైకుతో బయటికొచ్చేసరికి, పిలిచే పని లేకుండా అందరూ ఎదురుగానే ఉన్నారు.

శ్యామ్‌సుందర్ పరుగున వచ్చాడు. "ఏంటయ్యా ఇది? తాళం వెయ్యమన్నాను కదా!"

"వేస్తానే ఉండాను గద సార్. చేతులు కాయలు కాచినాయి."

"తాళం అంటే లాక్! తలుపుకు వేసే లాక్!"

"అదా? దాన్ని మేము బీగం అంటాము సార్."

మాటలు తెలుగులోనే అయినా 'లాక్' మాత్రం అందరికీ అర్థమైంది. నవ్వులు ఆగిపోయాయి. లైట్లు కట్టే తమిళ్‌సెల్వి ముందుకొచ్చింది.

"లోపల సుగంధక్క ఉంటే, బయట లాక్ ఎందుకు సార్?"

గ్లాసుల్లో టీ చల్లారేలోపే అందరూ సంఘంలో చేరారు. పోలీసుల మాట రాగానే కంపెనీ బెల్టులు తెప్పించింది, విరిగిన చేతికి వైద్యమూ చేయిస్తానంది.

పాటలు ముగిశాక సుగంధి చక్కెర కాస్త ఎక్కువ వేయించి రంగనాథానికి టీ తెచ్చింది. ఆమె ఇంట్లోనూ తెలుగే.

"ఆ మాట మీకు తెలీకపోయింది చూడండి, మా యోగం తాతా!"

"తెలీకేం పాపా? పెండ్లికి ముందు సికింద్రాబాదులో తాళాలు రిపేరు చేసే అంగడి పెట్టుకోని ఉంటిని" అంటూ రంగనాథం చప్పుడు కాకుండా గోడౌను తలుపు మూశాడు.