గోడమీద కాగితం

హెప్సిబా సంచీ సర్దుతోంది.

పాత చీరలు చింపి చేసిన పక్కగుడ్డలు. రబ్బరు షీటు. పౌడరు డబ్బా. అన్నిటికన్నా అడుగున తన పెళ్ళినాటి బైబిలు.

"అదెందుకే అమ్మాయ్?" మంచం మీదినుంచి అడిగింది మరియమ్మ.

"మీరు చదువుకుంటారని అత్తయ్యగారూ."

పదకొండేళ్ళుగా మరియమ్మ చూసేవి ఆ గది నాలుగు గోడలూ, కోడలూనే. నడుం కింద చచ్చుబడిపోయింది. కళ్ళూ, నోరూ, భయమూ బతికే ఉన్నాయి.

సంచీ అంటేనే ఆమెకి భయం. మొగుడు దేవరాజు ఇలాగే సంచీ సర్దుకుని కొల్లేటి పక్క ఊళ్ళకి కోతలకి వెళ్ళాడు. తిరిగొచ్చింది సంచీయే.

"పది రోజులేగా? నన్నక్కడే వదిలెయ్యరుగా?"

"పదో రోజుకి మీరీ మంచం మీదే ఉంటారు. నాదీ పూచీ."

చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళ ఏర్పాటది. అన్నం వండే ముందు ఇంటింటా పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆ బియ్యం మీద వచ్చినదానితో ఏలూరు వృద్ధుల హోములో ఒక మంచం ఉంచారు. రోగిని పది రోజులు అక్కడ పెడితే ఇంట్లో చాకిరీ చేసేవాళ్ళు కాస్త ఊపిరి తీసుకుంటారని. పదకొండేళ్ళు పిడికెడు తీసిపెట్టాక హెప్సిబాకి ఇప్పటికి వంతు వచ్చింది.

పొద్దున సమాజం అధ్యక్షురాలు జాయ్సీగారు ప్రార్థన చేసి పంపుదామని వచ్చింది. గుమ్మం దాటలేదు. ముక్కుకి పైటచెంగు అడ్డం పెట్టుకుని, రైలు తప్పిపోతుందన్నట్టు ప్రార్థన ముగించేసింది.

"నేనింకా ఆమేన్ అనలేదమ్మా," అంది మరియమ్మ. అప్పటికే ఆవిడ వీధిలో ఉంది.

ఆవిడంటే పరాయిది. మరియమ్మకి రోత పుట్టించేది కన్నకొడుకు సంగతి.

శామ్యూల్ వారం కిందటే రిటైరయ్యాడు. ఆఫీసులో సన్మానం చేస్తే, మెడలో దండ ఉండగానే మైకు పట్టుకుని, "ఇక నా శేషజీవితం మా అమ్మగారి సేవకే అంకితమండీ," అన్నాడట. చప్పట్లు కొట్టారట. కొందరు కళ్ళు తుడుచుకున్నారట. ఇంటికొచ్చి ఆ దండ తల్లి గది గుమ్మానికి తగిలించాడు, వాసన బయటికి రాకుండా. మర్నాడు వరండాలోకి పడక్కుర్చీ కొన్నాడు. గుమ్మందాకా రావాలంటే చేతిరుమాలు, రుమాలు మీద సెంటు.

అంతకన్నా రోత ఇంకోటుంది. రెండేళ్ళుగా అతను పెళ్ళాం చేతి అన్నం తినడు. స్టేషన్ దగ్గర మెస్సు నుంచి కేరేజీ తెప్పించుకుంటాడు.

"ఆ చేతుల్తో పెడితే ఎలా తినమంటావే?" అన్నాడు మొదటి రోజున, తల్లి వింటుండగానే. "ఎంత కడిగినా నాకు అదే గుర్తొస్తుంది."

ఆ చేతులు ఎత్తిపోసింది వాణ్ణి కన్న తల్లి మలమే. తన ఒంటి పుండ్లు చూసుకున్నప్పుడు పుట్టని రోత మరియమ్మకి ఆ పూట పుట్టింది. ఛీ, వీణ్ణా నేను తొమ్మిది నెలలు మోసింది, అనుకుంది.

హెప్సిబా ఆ రోజు కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు మళ్ళీ కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"వ్యాను వచ్చింది." శామ్యూల్ రుమాలుతో గుమ్మంలో నిలబడ్డాడు. "గోడకి ఆ కాగితం ఏంటే?"

మరియమ్మ కూడా తల తిప్పి చూసింది. ఆమెకి చదువు చెప్పినవాళ్ళు లేరు. పాటల పుస్తకం పట్టుకుని తనకి తానే కూడబలుక్కుంది. ఇప్పుడూ అలాగే చదివింది. పొద్దున ఐదింటికి గుడ్డలు మార్చాలి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. చేపల పులుసంటే ఇష్టం, ముల్లు తీసి పెట్టాలి. రాత్రి దీపం ఆర్పకూడదు, భయపడతారు.

"హోము వాళ్ళకి రాశానండి. నకలు సంచీలో పెట్టాను."

"మరి ఇది గోడకెందుకూ?"

"ఉండనివ్వండి. ఊడిపోకుండా మైదా పిండితో అంటించాను. పదో రోజున మీరే వచ్చి అత్తయ్యగారిని తీసుకురావాలండి."

"నేనా? నువ్వున్నావుగా!"

"కన్నకొడుకు సంతకం పెడితేనే పంపుతారట."

"సరే, సంతకమేగా," అన్నాడు రుమాలు లోంచే. పడక్కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

వ్యానులో పడుకోబెడుతుంటే మరియమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది. "వాసనొస్తుంది బాబూ, కిటికీలు తెరువు."

"నేను కొల్లేటి చేపల లోడు తోలినోణ్ణండి మామ్మగారూ," అన్నాడు డ్రైవరు సత్తిరాజు. "వాటి ముందు మీరు అత్తరుబుడ్డండి!"

ఆ మాటకి అత్తాకోడళ్ళిద్దరూ నవ్వారు. తమ ఊరు గూడెం దాటేదాకా నవ్వుతూనే ఉన్నారు.

హోములో కిటికీ పక్క మంచం ఇచ్చారు. హెప్సిబా గుడ్డలు తీసి అలమరలో పెట్టింది. ఆయాకి కాగితం ఇచ్చి, ఎలా తిప్పాలో తనే తిప్పి చూపించింది. అంతా అయ్యాక సంచీ భుజాన వేసుకుంది.

మరియమ్మ ఆమె చెయ్యి అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏ వాసనా లేదే అమ్మాయ్ ఈ చేతులకి. వాడి ముక్కులోనే ఉంది కుళ్ళంతా."

హెప్సిబా వంగి అత్తగారి నుదుటి మీద ముద్దు పెట్టింది. ఎప్పుడూ పెట్టింది లేదు. "బస్సుకి వేళయిందండి," అని గబగబా వెళ్ళిపోయింది.

బైబిలు సంచీలోనే ఉండిపోయిందని మరియమ్మకి తర్వాత గుర్తొచ్చింది. పిలిచింది. వినపడలేదు. ఆ పది రోజులూ ఆమె గేటు వైపే చూస్తూ పడుకుంది, తననిక ఎవరూ తీసుకెళ్ళరేమోనని.

పదో రోజు శామ్యూలే వచ్చి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి మరియమ్మ గోడమీది ఆ కాగితం పక్కన తన మంచం మీదే ఉంది. 2005 జూన్ ఆరో తేదీన హోము గేటు దాటిన హెప్సిబా మాత్రం గూడెం ఇంటికి మళ్ళీ ఎన్నడూ రాలేదు.