గుంట పక్క బావి

“ఆయన పేరెందుకు రాసినావే?” బీజాన్ కూతురి చెవిలో కసిరింది.

“ఎవురి గుంటో రాయకుంటే సైన్సెట్టయితాది అమ్మీ?” అంది మెహక్.

రొయ్యల గుంట మురుగు ఊరి బావిలోకి దిగుతోందని తేల్చిన ఆ ప్రాజెక్టుకే సైన్సు ఫెయిర్‌లో మొదటి బహుమతి. ఇచ్చేది గుంట యజమాని మస్తానయ్య. బీజాన్ ఆయన దగ్గరే కూలికి పోతుంది.

ఆయన అట్ట మీద రాసిందంతా చదివి, మెహక్ వైపు వంగాడు. ఇక తన పని పోయినట్టేనని బీజాన్ బిగుసుకుపోయింది.

“పాపా, మా బోరు గుంటకింకా దగ్గర. కోడలు నిండు నెలల్తో ఉండాది. ఆ నీళ్లు గూడా చూడు. ఎవురికీ చెప్పబాక.” అన్నాడాయన మెల్లగా.

పని పోలేదు. కానీ పొద్దున తనే బిడ్డకు సీసాలో పోసిచ్చిన బావి నీళ్లు గుర్తొచ్చి, బీజాన్ ఆ సీసా మూత తీసి నేల మీద ఒంపేసింది.