అనుకునేలోపే పడే గేరు

...అయినా ఎడమకాలికి పని లేకపోతే ఏమవుతుందని వకుళ ఆలోచిస్తోంది. ఇంట్లో ఇప్పుడు దేనికీ పెద్దగా పని లేదు. దాహం అనిపించేలోపే కుళాయి గ్లాసు నింపుతుంది. చెల్లెలు గుర్తొచ్చేలోపే ఫోన్ ఆమెను పలకరించేస్తుంది. మొన్న కోపం రాబోతోందని గోడ పాట పెట్టింది. ఆ కోపం దేని మీదో వకుళకు ఇప్పటికీ తెలియదు.

విశాఖ షోరూంలో రెండు ఎర్ర స్పోర్ట్స్ కార్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఆటోమేటిక్. రెండోది ఎడమకాలితో క్లచ్ తొక్కి చేత్తో గేరు మార్చేది. ఇక అలాంటివి తయారు చేయరట.

“ఆటోమేటిక్‌లో వాటంతటవే పనిచేసే రెండు క్లచ్‌లుంటాయి మేడమ్. ఒక గేరులో వెళ్తుంటే తర్వాతిది రెడీగా ఉంటాది. మీరనుకునేలోపే పడిపోద్ది,” అంది సేల్స్ అమ్మాయి.

“ఆ రెండో కారు అరకు ఘాట్‌లో ఆగిపోయిందంటే వెనక్కి జారిపోతావే తల్లీ. నేనైతే ముందే దిగిపోతాను,” అని నవ్వాడు భర్త శశిధర్.

జారితే ఆ భయమైనా తనదే కదా అనుకుంది వకుళ. పైకి మాత్రం, “కాస్త ఆలోచించుకోనివ్వండి,” అంది.

“ఆలోచించేదేముందమ్మా? మీరు ఆటోమేటిక్కే తీసుకుంటారని కంప్యూటర్ పొద్దున్నే చెప్పేసింది. పూజ కూడా చేసేశాను,” అన్నారు కొత్త కార్ల పూజకు షోరూంవాళ్లు పిలిపించిన పంతులుగారు.

నిజమే. ఆ కారుకు పసుపు, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. తొక్కించడానికి చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టేశారు.

వకుళ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి వంగింది. నాలుగు నిమ్మకాయలూ తీసి, పక్క కారు చక్రాల కింద ఒక్కొక్కటే పెట్టింది.