మనవాడు కావలెను

ధీరజ్ తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి అతని జాకెట్ మీంచి గుడ్డు సొన కారుతోంది. వంటింట్లో కొరియా పాట మోగుతోంది.

గుడ్డు విసిరింది రిక్కార్టన్ రోడ్డు మీద కార్లో పోతున్న తెల్ల కుర్రాళ్ళు. కారు నెమ్మదించి, గురి చూసి మరీ కొట్టారు. "మీ దేశం పోరా" అని అరిచారు. పగలబడి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. బస్టాపులో నిలబడ్డవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కోపం కంటే సిగ్గే ఎక్కువేసింది ధీరజ్‌కి.

వంటింట్లో టామ్ స్టవ్ కట్టేసి, తువ్వాలు తడిపి తెచ్చాడు.

"పోయిన వారం నాకూ పడింది. నన్నూ అదే మాటన్నారు," అన్నాడు ఇంగ్లీషులో.

ధీరజ్ తువ్వాలు లాక్కున్నాడే గానీ ఒళ్ళు మండిపోయింది. నన్నూ తననీ ఒకే గాటన కడతాడేంటి వీడు!

ఆ మూడు గదుల ఫ్లాట్ అద్దెకి తీసుకుంది ధీరజ్ పేరు మీద. ఒక గది అతనిది, ఒకటి విన్సెంట్‌ది. ధీరజ్‌ది కరీంనగర్, విన్సెంట్‌ది గుంటూరు. మూడో గది ఖాళీ అయితే ఫిబ్రవరిలో ఇంటి ఓనరు ముసలాయన టామ్‌ని తెచ్చి దింపాడు. "మంచి కుర్రాడు, మీ యూనివర్సిటీయే," అని చెప్పి చక్కా పోయాడు. ధీరజ్ ఆ చిన్న కళ్ళు చూశాడు. సంచీలోంచి బయటపడ్డ కొరియా పాటల సీడీలు చూశాడు. ఇంకేం అడగాలి? ఆ రోజు నుంచీ చాటున వాడి పేరు కొరియావాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. వంట ఎవరిదైతే పాట వాళ్ళది. ధీరజ్ పప్పు తాలింపు వేస్తే తెలుగు పాట. విన్సెంట్ చికెన్ వండితే హిందీ పాట. బుధవారం, శనివారం మాత్రం టామ్ వంతు. ముక్క అర్థం కాని ఆ పాటల్ని తిప్పి తిప్పి పెట్టేవాడు. తనూ పాడేవాడు. కూరలో మాత్రం వీళ్ళిద్దరికంటే ఎక్కువ మిరపకాయలు దంచి పోసేవాడు, అది వేరే సంగతి.

"మీ ఊళ్ళో హిందీ పాటలు వినరా?" అని విన్సెంట్ ఒకసారి అడిగాడు.

"పెట్టనివ్వరు, నిషేధం. హైస్కూలు రోజుల నుంచీ మాకివే," అన్నాడు టామ్.

"సూశినవా, ఎంత పొగరో! మన పాటలు పెట్టనియ్యరంట," అన్నాడు ధీరజ్ తెలుగులో, వాడి ఎదురుగానే.

ఇవాళ ఆ జాకెట్ నానబెట్టి వచ్చేసరికి పాట మళ్ళీ మొదలైంది. ధీరజ్ విన్సెంట్ గదిలోకి వెళ్ళి తలుపేశాడు.

"ఇగ నాతోని కాదురా. బయట ఎట్లాగూ పరాయోణ్ణే. ఇంట్లకొచ్చినంక గూడ పరాయి పాటనేనా? వాణ్ణి పొమ్మందాం."

"పదిహేను రోజుల్లో పరీక్షలు కదరా. ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం, ఎక్కడికెళ్తాడు?"

"ఈ ఊళ్ళె కొరియావోళ్ళు మస్తుమంది ఉన్నరు. వాళ్ళ దగ్గర ఉంటడు తియ్."

విన్సెంట్ గొణిగాడే గానీ అడ్డం పడలేదు. అన్నం తిన్నాక ధీరజ్ ఆ మాట చెప్పేశాడు. టామ్ ప్లేట్లు కడుగుతున్నాడు. కుళాయి కట్టేసి ఇటు తిరిగాడు.

"పరీక్షలయ్యేదాకా ఉండనివ్వండి. సీడీలు లోపల పెట్టేస్తాను. నా వంతు రోజున కూడా మీ పాటలే పెట్టుకోండి."

ఆ మాటకి విన్సెంట్ తల దించుకున్నాడు. ధీరజ్ మాత్రం దించుకోలేదు.

"పాటల గురించి కాదు టామ్. మాకు ఇండియన్ కావాలి. మాలాంటివాడు."

"మీలాంటివాడంటే?"

"మాలాంటివాడంటే మాలాంటివాడే."

టామ్ ఏదో చెప్పబోయాడు. పెదాలు వంకర తిరిగాయి. అది నవ్వో ఏడుపో తెలియలేదు. మళ్ళీ కుళాయి తిప్పుకుని మిగిలిన ప్లేట్లన్నీ శుభ్రంగా కడిగి బోర్లించాడు.

బుధవారం రెండు సంచులతో వెళ్ళిపోయాడు. విన్సెంట్ బస్టాపు దాకా ఒక సంచి మోసిపెట్టి వచ్చాడు. టామ్ వంతు వంట ధీరజే చేసి, తెలుగు పాటలు గట్టిగా పెట్టాడు. హమ్మయ్య, ఇల్లు ఇల్లులా ఉందనుకున్నాడు.

శనివారం పొద్దున్నే కృష్ణవేణక్క కొట్టుకి వెళ్ళాడు. కందిపప్పు దగ్గర్నుంచి కరివేపాకు దాకా అన్నీ దొరికే కొట్టది. గది కావాలన్నా, గదికి మనిషి కావాలన్నా ఆ చుట్టుపక్కల ఇండియా పిల్లలంతా వెళ్ళేది ఆవిడ దగ్గరికే.

"అక్కా, మా దాంట్ల ఒక రూమ్ ఖాళీ అయింది. మనోడైతేనే చెప్పు. వేరేటోళ్ళతోని యాష్టకొచ్చింది," అన్నాడు.

కృష్ణవేణక్క మొహం చాటంతయింది.

"దేవుడిలా వచ్చావయ్యా! మూడు రోజుల నుంచీ మా గరాజ్‌లో దుప్పటి కప్పుకుని పరీక్షలకి చదువుకుంటున్నాడు, కొరియా పాటలు పెడుతున్నాడని ఎవరో దయలేనివాళ్ళు వెళ్ళగొట్టారట పాపం, మన మణిపూర్ పిల్లాణ్ణి."