బొటనవేలి కింద ముద్ర

నా రైఫిల్ రెండో ప్రపంచయుద్ధం నాటిది. దాన్ని భుజానికి తగిలించుకోడానికి ఆ కాలం నాటి తోలు పట్టీ కోసం పెన్సిల్వేనియాలో జరిగే తుపాకుల సంతలన్నీ ఆరేళ్ళుగా గాలిస్తున్నాను. చివరికి మా ఊరి సంతలోనే, వెర్నా అనే ముసలావిడ బల్ల మీద కనబడింది. ఇత్తడి కొక్కెం పక్కన 1943 అని ముద్ర.

గబుక్కున దాని మీద బొటనవేలు పెట్టాను.

"ఇది నకలు, వెర్నా గారూ. ఈమధ్య చేసిందే" అన్నాను. బేరానికి ముందు సరుకును తీసిపారేయడం మా సంతలో మామూలే.

ఆవిడ బేరమాడలేదు.

"నకలా? యుద్ధం నుంచి తెచ్చానని నాన్న చెప్పేవాడే."

నేను బొటనవేలు తీయకుండానే పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఆయన యుద్ధం మొహమే చూళ్ళేదు, అన్నీ కోతలేనని తమ్ముడు అనేవాడు. ఆ ఒక్క మాటకి వాడు చచ్చేదాకా వాడితో మాట్లాడలేదు నేను."

బల్ల మీదున్న తండ్రి ఫొటోని బోర్లా పెట్టింది.

"పట్టుకుపో నాయనా, డబ్బులేం వద్దు. నేను వాడి సమాధి దగ్గరికెళ్ళి తప్పయిందని చెప్పుకోవాలి."

అప్పుడైనా బొటనవేలు తీయాల్సింది.

ఇంటికొచ్చాకే తీశాను.