మూడుసార్లు పడ్డ కామందు

కామందు ముచ్చటగా మూడోసారి కూడా బోర్లా పడ్డాడు.

నరసన్నపేట జనం కడుపులు పట్టుకుని నవ్వారు. తెర పక్కన నిలబడ్డ నగరేశ్వరరావు మాత్రం పళ్ళు నూరాడు.

ఆ నాటకం రాసిందీ, ఆడిస్తున్నదీ అతనే. బజారులో బట్టల కొట్టున్నా మనసంతా నాటకాల మీదే. కౌలు రైతు కూతుర్ని కామందు జడ పట్టి ఈడ్చే ఘట్టాన్ని ఎన్నిసార్లు తిరగరాశాడో లెక్కలేదు. సరిగ్గా అక్కడే కామందు తన పంచె తానే తొక్కుకుని పడితే ఏమనాలి?

అయిదేళ్ళప్పుడు తల్లి ఒళ్ళో కూర్చుని అతనొక నాటకం చూశాడు. వాలుజడ ముందుకేసుకుని కథానాయిక ఏడ్చింది. చూస్తున్నవాళ్ళంతా ఏడ్చారు. ఆమె పేరేమిటో అతనికి తెలియదు. ఆ జడ గుర్తు. సూది పడినా వినిపించే ఆ నిశ్శబ్దం గుర్తు. తన నాటకానికి ఒక్కసారైనా అది రావాలి. అతను కోరిందల్లా అదే.

తెర పడగానే కామందు వేషం కట్టినతన్ని నిలదీశాడు.

అప్పలసూరి అరవై దాటిన మనిషి. ఊరికి కొత్త. ఆ వేషం వెయ్యవలసినవాడికి కామెర్లు వస్తే, ఎవరో చెప్పగా టెక్కలి నుంచి పిలిపించారు.

"ఇదేం కామందయ్యా? నేను రాసిందేమిటి, నువ్వు చేసిందేమిటి?"

"కాలు జారిపోనాది బాబూ."

"మూడుసార్లా?"

"ముసిలి కాలు కదండీ." అప్పలసూరి పెట్టుడు మీసం పీకి, మడతపడకుండా అట్టపెట్టెలో పెట్టుకున్నాడు.

"కామందంటే జనం హడలిపోవాలి. వాళ్ళు నవ్వితే నా నాటకం ఏమైపోవాలి?"

"పిల్ల ఏడిసినప్పుడు ఎవులూ నవ్వలేదు కదా బాబూ."

ఆ మాట నిజమే. నగరేశ్వరరావుకు అది ఇంకా మండింది.

"ఆ పిల్ల ముస్తాబయ్యే గది దగ్గర నీకేం పని? రెండుసార్లు చూశాను."

అప్పలసూరి ముఖం చిన్నబోయింది. "కుచ్చిళ్ళకి పిన్నీసు పెట్టుకో తల్లీ అని సెప్పడానికెల్లాను."

"అది చెప్పడానికి నువ్వే దొరికావా? రేపట్నుంచి రానక్కర్లేదు."

ముసలాయన అట్టపెట్టె చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"పిల్ల స్టేజీకి కొత్త బాబూ. సూసుకోండి."

పక్షం రోజుల తర్వాత విజయనగరంలో నాటక పోటీ. ఈసారి కామందు మీసం నగరేశ్వరరావే పెట్టుకున్నాడు.

ఘట్టం వచ్చింది. కళ్ళెర్రజేసి, కౌలు రైతు కూతురి వేషం కట్టిన నీలవేణి జడ పట్టి ఈడ్చాడు. కాలు జారలేదు. పంచె కదల్లేదు. అంతా రాసింది రాసినట్టే.

వెనక బెంచీల నుంచి ఒక ఈల.

"గట్టిగా లాగు మావా!"

ఇంకో ఈల.

"జడొగ్గీసి పైట పట్టుకోరా!"

హాలంతా నవ్వు. నరసన్నపేటలో విన్న నవ్వు కాదది.

నగరేశ్వరరావు చెయ్యి జడ మీదే బిగుసుకుపోయింది. నీలవేణి జడ విడిపించుకుని, రెండు చేతులా పైట కప్పుకుని లోపలికి పరుగెత్తింది.

తెర దించేశారు.

లోపల ట్రంకుపెట్టె మీద కూర్చుని ఆ పిల్ల వెక్కుతోంది.

"నానింక వేషం కట్టను బాబూ. సంపినా కట్టను."

"నరసన్నపేటలో అంత బాగా చేశావు కదమ్మా!"

"అక్కడా ఈలేసినారు."

"నాకు వినపడలేదే?"

"ఎలా వినపడతాది? ఈల రావడం పాపం, తాత పడిపోయీవోడు. జనం నన్నొగ్గీసి తాతని సూసి నవ్వీవోరు. ఆల్లు నవ్వి నవ్వి అలిసిపోయాక, 'ఇప్పుడేడు తల్లీ, ఇంటారు' అని నా సెవిలో సెప్పీవోడు."

మూడు ఈలలు. మూడుసార్లు పడటం.

నీలవేణి తన జుట్టులోంచి సవరం విప్పి అతని చేతికిచ్చింది.

"ఇది తాతకిచ్చీయండి. 'ఇది కట్టుకుంటే జడ లాగినా నొప్పెట్టదమ్మా' అని ఇచ్చినాడు."

మర్నాడే నగరేశ్వరరావు టెక్కలి వెళ్ళాడు. అప్పలసూరి గదికి తాళం వేసి ఉంది. ఏదో నాటక సమాజంతో ఒరిస్సా వైపు వెళ్ళిపోయాడట. ఎక్కడికో, మళ్ళీ ఎప్పుడొస్తాడో పక్కింటివాళ్ళకు తెలియదు.

ఇంటికొచ్చి సవరాన్ని పీట మీద పెట్టాడు. తల్లి మహాలక్ష్మమ్మ దాన్ని అందుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చివర వేలాడే జడకుప్పెల్ని వేలితో తడిమింది. రెండు వెండివి. ఒకటి ఇత్తడిది.

"ఇదెక్కడిదిరా నీకు?"

"మా నాటకంలో కామందు వేషం వేసినాయనది. అప్పలసూరి అని."

ఆవిడ ఇత్తడి కుప్పెను వేలితో పైకెత్తి చూపించింది.

"ఈ ఇత్తడి కుప్పె, నువ్వు పీకీసిన దానికి బదులు కట్టిందేరా. ఆ వేళ నాటకం సూసి నువ్వేడుపు మానకపోతే, తెర పడ్డాక నిన్నెత్తుకుని ఆడించింది ఆ నాయిక. ఎత్తుకున్న మనిషి జడ పట్టుకుని లాగీసినావు."

"ఆవిడ జడ ఈయన దగ్గరికెలా వచ్చిందమ్మా?"

మహాలక్ష్మమ్మ కొడుకు వైపు వింతగా చూసింది.

"ఆవిడేట్రా? ఆ రోజుల్లో ఆడోళ్ళు నాటకాలాడీవోరేటి? ఆ వేళ నిన్నేడిపించిందీ, ఎత్తుకుని ఊరుకోబెట్టిందీ ఆ అప్పలసూరేరా నాయనా."